జననాంగ హెర్పిస్, హెచ్.ఐ.వి.: పుండు మానితే సరిపోదు

మన ఇళ్లలో మధుమేహం గురించి, రక్తపోటు గురించి నలుగురిలో మాట్లాడుకోవడానికి ఎవరూ సంకోచించరు. మర్మాంగాల దగ్గర పుండు లేస్తే మాత్రం భర్త భార్యకు చెప్పడు, భార్య భర్తకు చెప్పదు. వేడి చేసిందనుకొని మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి ఊరుకునేవారు కొందరు. మందుల దుకాణంలో గుసగుసగా అడిగి ఏదో ఒక పూతమందు తెచ్చుకునేవారు మరికొందరు. వారం పది రోజులలో పుండు మానిపోతుంది. గుణమిచ్చినది మజ్జిగో పూతమందో ఎవరూ ఆలోచించరు. పుండు పోయింది గనుక వ్యవహారం ముగిసిందని అందరూ అనుకుంటారు.

అది ముగియలేదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. జననాంగాలపై పదే పదే లేచి మానిపోయే పుండ్లకు ఈనాడు ప్రధాన కారణం హెర్పిస్ అనే వైరస్. ఈ వైరస్ ఒంట్లో ఉన్న వ్యక్తికి హెచ్.ఐ.వి. సోకే అవకాశం, అది లేని వ్యక్తితో పోలిస్తే సుమారు మూడు రెట్లు ఎక్కువ. అందువల్ల జననాంగంపై పుండుతో వచ్చిన వ్యక్తికి హెచ్.ఐ.వి. పరీక్ష సంగతి చెప్పకుండా మందుచీటీ రాసి పంపడం సగం వైద్యమేనని నా నిశ్చితాభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఆధారాలేమిటో చూడండి.

హెర్పిస్ అంటే ఏమిటి?

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకం ఎక్కువగా పెదవుల మీద పొక్కులు పుట్టిస్తుంది. జ్వరం వచ్చి తగ్గేటప్పుడు మూతి పేలిందని మన పెద్దలు అనేది చాలాసార్లు దీని గురించే. రెండవ రకం ప్రధానంగా జననాంగాలకు సోకుతుంది, లైంగిక సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది. మొదటి రకం కూడా జననాంగాలకు సోకవచ్చు. కాని హెచ్.ఐ.వి.తో సంబంధం స్పష్టంగా నిరూపితమైనది రెండవ రకానికే. నడుము చుట్టూ ఒకవైపున పట్టీలాగా లేచే అక్కి వేరే వ్యాధి. దానికి కారణం ఆటలమ్మ వైరస్. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే అయినా అక్కి లైంగికంగా సోకేది కాదు.

సోకిన తరువాత 2 నుంచి 12 రోజులలో తొలి లక్షణాలు కనిపించవచ్చు. చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి, చితికి పుండ్లవుతాయి, మంట పుడుతుంది. జ్వరం రావచ్చు, గజ్జలలో బిళ్లలు కట్టవచ్చు. తొలిసారి రెండు మూడు వారాలు బాధించి తగ్గుతాయి. ఆ తరువాత వైరస్ శరీరాన్ని విడిచిపోదు. వెన్నెముక అడుగున ఉన్న నాడీకణాల ముడులలో దాగి, అప్పుడప్పుడు నరాల వెంబడి చర్మానికి దిగి వస్తుంది. అలా తిరగబెట్టినప్పుడు పుండ్లు చిన్నవిగా ఉంటాయి, త్వరగా మానుతాయి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. రెండవ రకం హెర్పిస్ సోకినవారిలో అత్యధికులకు తమకది ఉన్నట్లే తెలియదు. వారికి పుండ్లు లేవవు, లేచినా ఒరుసుకుపోయిందనో చెమటకాయ అనో అనుకుంటారు. అయినా వారి చర్మం నుంచి, మ్యూకస్ పొరల నుంచి వైరస్ అప్పుడప్పుడు వెలువడుతూనే ఉంటుంది. లక్షణాలు ఎన్నడూ లేనివారిలో సైతం పది రోజులకు ఒక రోజు చొప్పున వైరస్ బయటపడుతున్నట్లు అమెరికాలో జరిగిన పరిశీలనలో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయస్సు వారిలో 84 కోట్లకు పైగా జననాంగ హెర్పిస్‌తో జీవిస్తున్నారు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరి కంటె ఎక్కువ.

హెచ్.ఐ.వి.కి ఇది దారి ఎలా ఇస్తుంది?

మొదటి కారణం సులభంగా బోధపడుతుంది. చర్మం మనకు కోటగోడ వంటిది. పుండు పడిన చోట ఆ గోడ తెగిపోతుంది, హెచ్.ఐ.వి. లోపలికి ప్రవేశించడానికి సందు దొరుకుతుంది.

రెండవ కారణం అంతకంటె ముఖ్యమైనది. హెర్పిస్‌తో పోరాడడానికి శరీరం ఆ చోటికి రక్షణ కణాలను పంపుతుంది. వాటిలో సి.డి.4 కణాలు అధికంగా ఉంటాయి. హెచ్.ఐ.వి. దాడి చేసేది సరిగ్గా ఆ కణాల మీదనే. హెర్పిస్‌ను ఎదుర్కొనడానికి చేరిన సైన్యం హెచ్.ఐ.వి.కి వాకిట్లో వడ్డించిన విస్తరి అవుతుంది.

పుండు మానితే ఆ కణాలు వెళ్లిపోతాయి కదా అని మీరు అడగవచ్చు. అమెరికాలోని సియాటిల్ నగరంలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. హెర్పిస్ పుండు మానిన చోట నుంచి చిన్న చర్మపు ముక్కలు తీసి పరీక్షిస్తే, పైకి చర్మం మామూలుగా కనిపిస్తున్నా లోపల ఆ కణాలు వారాల తరబడి, కొందరిలో 20 వారాల వరకు, గుమిగూడే ఉన్నాయి. ఎసైక్లోవిర్ వాడినవారిలోను అంతే. ఆ ముక్కలకు ప్రయోగశాలలో హెచ్.ఐ.వి.ని సోకిస్తే, మామూలు చర్మంలో కంటె అది ఎన్నో రెట్లు వేగంగా వృద్ధి చెందింది. పుండు మానింది గనుక ప్రమాదం తీరిందనే నమ్మకానికి ఇంతకంటె బలమైన జవాబు అవసరం లేదు.

ఇది రెండు వైపులా నడిచే దారి

హెచ్.ఐ.వి. ఉన్నవారిలో హెర్పిస్ మరింత ఉద్ధృతంగా ఉంటుంది. ఎయిడ్స్ అనే పేరైనా పుట్టని 1981లో, న్యూయార్క్ వైద్యులు నలుగురు యువకులలో మలద్వారం చుట్టూ నెలల తరబడి మానని హెర్పిస్ పుండ్లను వర్ణించారు. వైద్యలోకం ఎయిడ్స్‌ను గుర్తుపట్టిన తొలి ఆనవాళ్లలో అదొకటి. ఈనాటికీ నెలకు మించి మానని హెర్పిస్ పుండును ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్.ఐ.వి. వ్యాధి నాలుగవ దశకు గుర్తుగా పరిగణిస్తుంది.

హెర్పిస్ కూడా హెచ్.ఐ.వి.కి తోడ్పడుతుంది. చికిత్స పొందని హెచ్.ఐ.వి. రోగులలో హెర్పిస్ తిరగబెట్టినప్పుడు జననాంగ స్రావాలలో హెచ్.ఐ.వి. పెరుగుతుంది. హెర్పిస్ పుండ్లలోనే హెచ్.ఐ.వి. ఉన్నట్లు 1998లోనే కనుగొన్నారు. కనుక హెర్పిస్ ఉన్నవారు హెచ్.ఐ.వి.ని సులభంగా అందుకుంటారు. రెండూ ఉండి చికిత్స లేనివారు దానిని ఇతరులకు సులభంగా అందిస్తారు.

ఈ విషయమై మన దేశపు ఆధారమూ ఉంది. పుణె నగరంలో సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చిన, అప్పటికి హెచ్.ఐ.వి. లేని దాదాపు 2,700 మందిని 1990లలో కొంతకాలం అనుసరించి చూశారు. చేరేనాటికే వారిలో 43 శాతం మందికి రెండవ రకం హెర్పిస్ ఉంది. హెర్పిస్ కొత్తగా సోకిన తొలి నెలలలో హెచ్.ఐ.వి. సోకే అవకాశం దాదాపు నాలుగు రెట్లు పెరిగినట్లు 2003లో ప్రకటించారు. పుండ్లు తరచుగా లేచేది, కణాలు ఎక్కువగా చేరేది ఆ తొలి నెలలలోనే. ప్రపంచం మొత్తం మీద 2016లో సోకిన హెచ్.ఐ.వి. కేసులలో సుమారు 30 శాతానికి రెండవ రకం హెర్పిస్ దోహదం చేసి ఉంటుందని మరొక అంచనా.

తెలుగువారికి ఈ లెక్క దూరపు లెక్క కాదు. 2021 అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు దేశం మొత్తం మీద 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. రెండు దశాబ్దాల కిందటితో పోలిస్తే పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా దేశ సగటుకు రెండు మూడు రెట్లు ఉన్న చోట, జననాంగపు పుండును వేడిగడ్డ అని తీసిపారేయడం తగదు.

మాత్ర వేసుకుంటే హెచ్.ఐ.వి. ఆగుతుందా?

హెర్పిస్ హెచ్.ఐ.వి.కి దారి ఇస్తున్నదంటే, హెర్పిస్‌ను మందుతో అణచి ఉంచితే ఆ దారి మూతపడాలి. ఇది సహజమైన ఊహ. ఎసైక్లోవిర్ చవకైన మందు, పెద్దగా హాని లేనిది. అందుచేత శాస్త్రజ్ఞులు ఎంతో ఆశతో పెద్ద పరీక్షలు జరిపారు.

హెర్పిస్ ఉండి హెచ్.ఐ.వి. లేని వేలాదిమందికి ఆఫ్రికా, పెరు, అమెరికాలలో రోజుకు రెండుసార్లు 400 మిల్లీగ్రాముల ఎసైక్లోవిర్ ఇచ్చి చూశారు. టాంజానియాలోని స్త్రీలపై అటువంటి పరీక్షే విడిగా జరిగింది. 2008లో రెండింటి ఫలితాలూ వెలువడ్డాయి. మందు హెచ్.ఐ.వి. సోకడాన్ని తగ్గించలేదు. ఆ తరువాత ఆఫ్రికాలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉండి మరొకరికి లేని సుమారు 3,400 జంటలను తీసుకొని, హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఆ మందు ఇచ్చారు. 2010లో ప్రచురితమైన ఫలితం ప్రకారం జననాంగ పుండ్లు 73 శాతం తగ్గాయి, రక్తంలో హెచ్.ఐ.వి. కొంత తగ్గింది, కాని భాగస్వామికి సోకడం మాత్రం తగ్గలేదు.

ఈ ఫలితాలను చూపించి, హెర్పిస్ గురించి ఇంత ఆందోళన ఎందుకని ప్రశ్నించే వైద్యమిత్రులు ఉన్నారు. వారి ప్రశ్నలో తర్కం ఉంది, కాని వారు చేరుకున్న ముగింపుతో నేను ఏకీభవించను. ఎసైక్లోవిర్ హెర్పిస్ వైరస్ వృద్ధిని అడ్డుకుంటుంది, పుండును త్వరగా మాన్పుతుంది. చర్మం కింద చేరిన సి.డి.4 కణాలను చెదరగొట్టే శక్తి దానికి లేదు. సియాటిల్ పరిశీలన చెప్పినదీ అదే. ఈ పరీక్షల నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటే. హెర్పిస్ మందు హెర్పిస్‌కే పనికివస్తుంది. హెచ్.ఐ.వి. నుంచి రక్షణ కావాలంటే హెచ్.ఐ.వి. కోసం ఉద్దేశించిన పనులే చేయాలి. ఆ పనులకు సమయమయిందని గుర్తుచేసే గంటగా పుండును వాడుకోవాలి.

ఏం చేయాలి?

జననాంగంపై పుండు లేచినవారు వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. పుండ్లన్నీ హెర్పిస్ కావు, సవాయి వ్యాధి కూడా కావచ్చు. దాని పుండుకు సాధారణంగా నొప్పి ఉండదు. కాని కంటితో చూసి ప్రతిసారీ తేల్చిచెప్పడం అనుభవజ్ఞులకు కూడా సాధ్యం కాదు, రక్తపరీక్ష అవసరం. మందుల దుకాణాలలో దొరికే మిశ్రమ పూతమందులలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. అది హెర్పిస్‌ను అణచడానికి బదులు పెంచుతుంది. ఎసైక్లోవిర్ పూతమందు వల్ల కూడా ప్రయోజనం స్వల్పం, మాత్రలే మేలు.

ప్రభుత్వ ఆసుపత్రులలో సురక్ష క్లినిక్ అనే పేరుతో సుఖవ్యాధుల చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. అక్కడ లక్షణాలను బట్టి రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. హెర్పిస్ పుండ్లకు ఇచ్చేది ఎరుపు రంగు కిట్. అందులో ఏడు రోజులకు సరిపడా ఎసైక్లోవిర్ మాత్రలు ఉంటాయి. ఆ కిట్ చేతికి వచ్చిన రోజే ఐ.సి.టి.సి. అనే సలహా, పరీక్షా కేంద్రంలో హెచ్.ఐ.వి. పరీక్ష కూడా చేయించుకోండి. అదీ ఉచితమే. అప్పుడు లేదని వచ్చినా, ఇటీవలే సోకి ఉంటే పరీక్షకు అందకపోవచ్చు గనుక మూడు నెలల తరువాత మళ్లీ చేయించుకోవాలి. ఆ మూడు నెలలూ కండోమ్ తప్పనిసరి.

కండోమ్ కప్పని చర్మం నుంచి హెర్పిస్ సోకవచ్చు గనుక హెర్పిస్ విషయంలో దాని రక్షణ పాక్షికమే. హెచ్.ఐ.వి. విషయంలో అది బలమైన రక్షణ. పుండ్లు ఉన్నప్పుడు, లేవబోయే ముందు చురచురలు మొదలైనప్పుడు, కండోమ్ ఉన్నా సంపర్కం మానుకోవడం ఉత్తమం. హెర్పిస్ పదే పదే తిరగబెట్టేవారు రోజూ వేసుకునే వాలసైక్లోవిర్ మాత్ర గురించి వైద్యుని అడగవచ్చు. అది భాగస్వామికి హెర్పిస్ సోకడాన్ని సుమారు సగానికి తగ్గిస్తుంది.

హెచ్.ఐ.వి. ఉన్నవారికి ఒక మాట. మీకు అసలైన రక్షణ ఏ.ఆర్.టి. మందులే. మీ భాగస్వామికి కూడా అవే రక్షణ. హెచ్.ఐ.వి. చికిత్స త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకే అవకాశం 96 శాతం తగ్గుతుందని 2011లో ప్రకటించిన అంతర్జాతీయ పరిశోధనలో చెన్నై, పుణె నగరాల జంటలు కూడా పాల్గొన్నాయి. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినవారి నుంచి భాగస్వామికి హెచ్.ఐ.వి. సోకదు. ఐరోపాలో జరిగిన పరిశీలనలో కొందరికి మధ్యలో ఇతర సుఖవ్యాధులు వచ్చినా ఈ మాట నిజమయింది. మందులు మొదలుపెట్టిన తొలి నెలలలో హెర్పిస్ పుండ్లు కొందరికి ఎక్కువగా లేవవచ్చు. మందు పడలేదనుకొని ఏ.ఆర్.టి. ఆపకండి. మీ కేంద్రంలో చెప్పండి, హెర్పిస్‌కు వేరే మందు ఇస్తారు.

వైద్యులకు, ముఖ్యంగా ప్రైవేటు వైద్యులకు నా విజ్ఞప్తి. రోగి నొచ్చుకుంటాడేమోనని హెచ్.ఐ.వి. మాట ఎత్తని సౌమ్యత రోగికి మేలు చేయదు. "ఈ పుండు ఉన్నవారందరికీ ఈ పరీక్ష చేస్తాము" అని ఒక్క మాట చెబితే అనుమానించినట్లు ఉండదు. పరీక్షకు రోగి సమ్మతి తప్పనిసరి, ఫలితం గోప్యంగా ఉంచడమూ తప్పనిసరి. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ రెండింటినీ శాసిస్తున్నది.

భయపడవలసినది ఎంత?

ఈ వ్యాసం చదివి, తమకు హెర్పిస్ ఉంది గనుక హెచ్.ఐ.వి. వచ్చి తీరుతుందని ఎవరూ కుంగిపోకూడదు. మూడు రెట్లు అన్నది అసలు ప్రమాదానికి గుణకం మాత్రమే. హెర్పిస్ నుంచి హెచ్.ఐ.వి. పుట్టదు. దంపతులిద్దరికీ హెచ్.ఐ.వి. లేక, ఒకరికొకరు మాత్రమే అయినప్పుడు, ఆ ఇంట్లో సున్నాను మూడుతో గుణించినా సున్నాయే. ఆ సున్నాను నిర్ధారించుకోవడానికే పరీక్ష.

పుండు కనిపించగానే భార్య మీద భర్త, భర్త మీద భార్య నిందలు వేసుకోవడం మరొక అనర్థం. హెర్పిస్ సోకిన ఏళ్లకు గాని తొలి పుండు లేవకపోవచ్చు. పెళ్లికి ముందు సోకినది పిల్లలు పుట్టిన తరువాత బయటపడవచ్చు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పుండు చెప్పదు, ఏ వైద్యుడూ దానిని చూసి చెప్పలేడు. పుండును ఆధారం చేసుకొని కాపురాలు కూల్చుకోవడం అన్యాయం.

అయితే నింద వేసుకోకూడదంటే దాచిపెట్టమని అర్థం కాదు. దాపరికం వల్ల ఎక్కువగా నష్టపోయేది స్త్రీలు. రెండవ రకం హెర్పిస్ పురుషుని నుంచి స్త్రీకి సోకినంత సులభంగా స్త్రీ నుంచి పురుషునికి సోకదు. పుండు యోని లోపల ఉంటే ఆమెకే కనిపించదు. భర్త తన పుండు సంగతి దాచి, తాను మాత్రం రహస్యంగా మందు వాడుకుంటే, ఆమె తనకు తెలియని ప్రమాదంలో జీవిస్తుంది. గర్భవతి అయితే ఆ ప్రమాదం బిడ్డకూ వ్యాపిస్తుంది. కాన్పుకు కొద్ది ముందు తల్లికి హెర్పిస్ కొత్తగా సోకితే పుట్టే బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. హెచ్.ఐ.వి. మాట సరేసరి. గర్భిణికి పరీక్షలు చేయించేటప్పుడు భర్త కూడా చేయించుకోవడం ఆమెకు చేసే ఉపకారమేమీ కాదు, అతని బాధ్యత.

సందేహం ఉండి, ఎదురుగా అడగడానికి బిడియపడేవారు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత సహాయవాణి, పేరు చెప్పనవసరం లేదు. పరీక్షకు పట్టేది ఒక పూట. హెచ్.ఐ.వి. లేదని తేలితే నిశ్చింత, జాగ్రత్తలతో దానిని నిలుపుకోవచ్చు. ఉందని తేలితే రోజుకు ఒక మాత్రతో దీర్ఘకాలం ఆరోగ్యంగా జీవించే చికిత్స ఉచితంగా సిద్ధంగా ఉంది. తెలుసుకోనివారికి మాత్రం ఈ రెండు మేళ్లలో ఒక్కటీ దక్కదు. కాబట్టి పుండు మానేదాకా ఆగకండి. మానిపోయి ఉన్నా ఆలస్యమయిందనుకోకండి. ఇద్దరూ కలిసి వెళ్లి పరీక్ష చేయించుకోండి.